దొర గొంతు

మా ఇంటి పై వాటాలో ఒక రష్యా అతను అద్దెకుంటాడు. సైనిక్‌పురిలో మా వీధంతా అతన్ని దొర అంటుంది. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. దొర అన్న నోటితోనే అతనితో చేయించని వెట్టి లేదు.

వాళ్ల దేశంలో నాటకాలు వేసేవాడట, శాక్సఫోన్ వాయించేవాడట. ఇక్కడికొచ్చి కాలనీ పిల్లలకు పియానో నేర్పాడు. పరీక్షలు దగ్గరపడగానే తల్లులు మాన్పించేశారు. తర్వాత పెళ్లి బరాత్‌లలో గులాబీ రంగు తలపాగా చుట్టి బ్యాండు ముందు నిలబెట్టారు. పాట స్పీకర్లో వస్తుంటే ఇతను ఊదుతున్నట్టు నటించాలి. తిరుమలగిరిలో ఒకసారి ఉండబట్టలేక నిజంగానే ఊదితే పెళ్లికొడుకు మేనమామ వచ్చి, "ఏందీ లొల్లి? నవ్వుకుంట నిలబడు, సాలు" అన్నాడట. బాత్‌రూమ్ టైల్స్ ప్రకటనలో డాక్టరు కోటు కూడా వేశాడు.

చివరికి సినిమాల్లో తెల్లదొర అయ్యాడు. మన సినిమాల్లో తెల్లదొరకు మాటలుండవు, తన్నులే. హీరో తన్నగానే బురదలో పడాలి, హాలంతా ఈలలు వేయాలి. షూటింగ్ నుంచి వచ్చి మెట్లెక్కలేక మా గడప మీద కూలబడేవాడు. నేను కాపడానికి వేడినీళ్లు పెట్టి ఇస్తూ తిట్టేదాన్ని.

"పోనియ్ అక్కా, మా అమ్మకు చెప్పుకోనీకి ఉంటది" అనేవాడు.

వాళ్లమ్మకు చూపు పోయింది. కొడుకు ఫొటోలు పంపితే పక్కింటావిడ చూసి చెప్తుంది. ఆ తల్లికి ఒక్కటే కోరిక, సినిమాలో కొడుకు గొంతు వినాలని. ఇతను మాటిచ్చాడు.

అప్పుడు దొరికింది ఒక వేషం, మాటతో సహా. "మీ చెరువు నీళ్లు కూడా మావే. తాగాలంటే మోకాళ్ల మీద రండి." రోజూ పొద్దున నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే ఎదురుగా కూర్చుని ఆ డైలాగు పలకడం నేర్చుకున్నాడు. సంగీతం తెలిసిన చెవి కదా, మాటను రాగంలా పట్టేశాడు. "నీళ్లు" అని అతను అంటుంటే నాకే ముచ్చటేసేది. షూటింగ్‌లో మొదటిసారికే సరిగ్గా చెప్పాడట, అందరూ చప్పట్లు కొట్టారట. ఆ సాయంత్రం మా ఇంటికి జిలేబీ తెచ్చాడు.

సినిమా విడుదలైన రోజు ఉదయం ఆటకు నన్నూ తీసుకెళ్లాడు. తన సీను రాగానే వాళ్లమ్మకు ఫోన్ కలిపి తెర వైపు పట్టుకున్నాడు.

తెర మీద అతని పెదాలు కదిలాయి. వచ్చింది మాత్రం ఎవడిదో బొంగురు గొంతు. "మీ చేరూవూ నీల్లూ కూడా మావే…" అంటూ సాగదీసి, వంకర తిప్పి చెప్పాడు ఎవడో. హాలు గొల్లుమంది. నా వెనక సీటాయన నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. ఇతను ఫోన్‌ను చెవికి ఆనించుకుని రష్యన్‌లో ఏదో బతిమాలుతూ బయటికి నడిచాడు.

నేను వెళ్లేసరికి పార్కింగ్‌లో ఒక స్కూటర్‌కి ఆనుకుని ఉన్నాడు. అతని ఫోన్ లాక్కుని ఆ సినిమా అసిస్టెంట్ డైరెక్టర్‌కు నేనే కలిపాను. గొంతు ఎందుకు మార్చారని కడిగేశాను.

"అరె మేడమ్, తెల్లోడు గంత మంచిగ తెలుగు మాట్లాడితే ఎవడు నమ్ముతడు? మిమిక్రీ ఆయనతోని చెప్పించినం. పబ్లిక్ ఎట్ల నవ్విండ్రో చూసిండ్రు కదా!" అన్నాడు, మేం సంతోషించాలన్నట్టు.

ఫోన్ తిరిగిచ్చాను. అమ్మ ఏమందని అడిగాను.

అతను థియేటర్ గోడ మీది పోస్టర్ వైపు తిరిగాడు. అందులో హీరో కాలికింద ఉన్నది అతని తలే.

"నీ గొంతు నాకు తెల్వదా, బిడ్డా అన్నది. సినిమాలు లెవ్వు, పాటలు లెవ్వు అని ముందే చెప్తే అయిపోతుండె కదా అన్నది. ఫొటోలు చూసి చెప్పే పక్కింటామెకు సుత నువ్వే నేర్పినవా అన్నది. నేను చెప్పిందంతా అబద్ధమే అనుకుంటున్నది అక్కా. ఇగ ఫోన్ చెయ్యకు అని పెట్టేసింది."

అంత తెలుగులో ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.