క్యాబిన్ చార్టులో పెద్దమ్మగారు

ఆ రోజుల్లో అనడానికి గడిచింది నిండా నాలుగేళ్లే గానీ, అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లను చూసినట్టుంటుంది. నేను బడి గడప తొక్కలేదు. నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పి, పరీక్షలు మాత్రం బయట రాయించారు. అందువల్ల నాకు లెక్కలూ, వ్యాకరణమూ, పొద్దున్నే దీపం పెట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడమూ బాగా వచ్చు. లోకం మాత్రం మా పెరటి గోడ దాకానే తెలుసు. అలాంటిదాన్ని నమ్మి బెజవాడలో ఒక ట్రావెల్స్ మేనేజరుగారు ఉద్యోగమిచ్చారంటే భగవంతుడి దయ కాక మరేమిటి? (ఆయన మాత్రం, “తక్కువ జీతానికి ఒప్పుకున్నావు గనక ఇచ్చానమ్మా” అనేవారు. దేవుడి దయ ఆయనలోంచి అలా వచ్చిందని సరిపెట్టుకున్నాను.)

విశాఖపట్నంలో ఎక్కించుకుని మూడు రోజులు సముద్రం మీద తిప్పి తెచ్చే ఓడకి, పామర్రు నుంచి ఒక ఉమ్మడి కుటుంబం టికెట్లు తీసుకుంది. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, ముగ్గురు పిల్లలు, అందరికీ పెద్దదిక్కుగా పెద్దమ్మగారు. ఈవిడ చనిపోయిన పెద్దన్నగారి భార్య, పిల్లల్లేరు. తోడుగా నేను. మూడు క్యాబిన్లు. ఎవరు ఎందులో ఉంటారో, ఏ పిల్లలకి తోడు ఎవరో, ఆ తోడు వాళ్లకి ఏమవుతారో ముందే కంప్యూటర్లో నింపి పంపాలి. “జాగ్రత్తగా అడిగి రాయి” అన్నారు మేనేజరుగారు. నేను పామర్రు ఫోన్ చేస్తే పెద్దమ్మగారే తీశారు.

“పిల్లలు రాత్రిళ్లు ఎవరి దగ్గర పడుకుంటారండీ?” అన్నాను. (ఇంతకంటే తెలివైన ప్రశ్న ఆ ఆఫీసులో ఇంకెవరికీ తట్టి ఉండదని నా నమ్మకం.)

“నా దగ్గరేనమ్మాయ్! ఇంకెవరి దగ్గర పడుకుంటారు? చిన్నదైతే నా కొంగు పట్టుకోందే కన్ను మూయదు.”

ఇంకేం! ఆవిడకీ పిల్లలు ముగ్గురికీ ఒక క్యాబిన్, తోడికోడళ్లిద్దరికీ నాకూ ఒకటి, మగవాళ్లకి ఒకటి. ‘ఏమవుతారు’ అన్నచోట కంప్యూటరు తల్లి, తండ్రి, ఇతరులు అని మూడే చూపించింది. పెద్దమ్మ ఇతరులెలా అవుతుంది? మా ఇంట్లో నా జడ మా పెద్దమ్మే వేసేది. ముగ్గురికీ ‘తల్లి’ అని నొక్కి, ఇంత చక్కని పని చేయించినందుకు దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

రేవులో చెక్-ఇన్ వరస చాంతాడంత ఉంది. పెద్దమ్మగారు కొత్త పట్టుచీర కట్టుకుని, చిన్నదాన్ని చంకనేసుకుని, మిగతా ఇద్దర్నీ కొంగుకి కట్టేసుకున్నట్టు నిలబెట్టుకుని ముందు నిలుచున్నారు. కౌంటరులో కుర్రాడు పిల్లల ఆధార్ కార్డులు చూశాడు, తెర చూశాడు, మళ్లీ కార్డులు చూశాడు.

“అమ్మా, ముగ్గురూ మీ పిల్లలేనా?”

“మా పిల్లలేనండీ.”

“అది కాదండీ, తల్లి మీరేనా అని. కార్డుల్లో తండ్రుల పేర్లు వేరేవేరేగా ఉన్నాయి.”

“ఆఁ, ఉంటాయిగా! ఇద్దరూ మా మరుదులే!” అన్నారావిడ సంతోషంగా.

వెనకాల వరసలో ఎవరో “ఓర్నాయనో” అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆవిడకి అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. అర్థమయ్యాక చెవుల దాకా ఎర్రబడ్డారు. కుర్రాడు మంచివాడే, గొంతు తగ్గించాడు గానీ అడగాల్సింది అడక్క తప్పలేదు: “మీరు కన్న పిల్లలు ఎవరమ్మా, వీళ్లలో?”

“ఎవరూ లేరు బాబూ.”

నేను ముందుకి దూరి తప్పు నాదేనని చెప్పుకున్నాను. అతను ఒక కాగితం ఇచ్చాడు. పిల్లలు పెద్దమ్మ దగ్గర ఉండటం మాకు ఇష్టమేనని తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం పెడితే చాలట, చార్టు మార్చక్కర్లేదట. బతికించావు తండ్రీ అనుకుని, కలం తీసుకుని చిన్నకోడలి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది.

“నా పిల్లలిద్దర్నీ పుట్టిన నెల నుంచీ సంతకం లేకుండానే ఇచ్చేశానండీ,” అంది. “ఇస్తావా అని నన్ను అడిగింది ఇవాళ మీరొక్కరే. అడిగారు గనక చెబుతున్నాను. ఇవ్వను.”

ఆవిడ భర్త, “ఏంటే, అందరి ముందూ...” అని నసిగాడు. “ఇంట్లో అయితే వింటారా మీరు?” అంది. ఇంకో కోడలు ఇదంతా విని, ఎటో చూస్తూ, “అయితే మావాణ్ణి కూడా మాలో వేసెయ్యండి” అంది.

పెద్దమ్మగారు చిన్నదాన్ని దించి, సంచిలోంచి దాని స్వెట్టరూ, చిన్న దుప్పటీ తీసి చిన్నకోడలికిచ్చారు. “ఏసీ పడదు దానికి. కాళ్ల మీద...”

“తెలుసక్కా.”

కొత్త చార్టు నిలబడి నిలబడే రాశాను. ఏ జంటకి ఆ జంట, వాళ్ల పిల్లలతో ఒక్కో క్యాబిన్. మిగిలిందాంట్లో పెద్దమ్మగారూ, నేనూ. పిల్లలకోసం ఆవిడ డబ్బాడు సున్నుండలు తెచ్చారు. ఊరికే పోతాయని ఆ మూడు రోజులూ నాచేత తినిపించారు. తింటూ ఉంటే నా ప్లేటు వంక గాక నా నోటి వంకే చూసేవారు. ఏడుపొచ్చేది, కానీ సున్నుండలు చాలా బాగుండేవి. (తిండి దగ్గర నా భక్తి అంతంతమాత్రం.) రెండోరోజు పొద్దున చిన్నది పరిగెత్తుకొచ్చి, “పెద్దమ్మా! అమ్మ నన్ను పక్కలో పడుకోబెట్టుకుంది, తెలుసా!” అని ఎగిరి గంతేసింది. “అవునా తల్లీ, మంచిదే” అన్నారు. అది వెంటనే వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. కొంగు పట్టుకోలేదు.

దిగే రోజు పొద్దున కాగితాలు సర్దుకుంటుంటే, “నా పేరు దగ్గర ఇప్పుడేం రాశావమ్మాయ్? చదువు, కళ్లజోడు పెట్టెలో ఉంది” అన్నారు.

పేరు చదివాను. వయసు చదివాను. “వెంట పిల్లలు: లేరు” అని చదివాను.

“ఇంకోసారి చదువు.”

చదివాను. ఆవిడ ఖాళీ సున్నుండల డబ్బాకి మూత బిగించి, “ఊఁ. ఈసారి తప్పుల్లేకుండా రాశావు” అన్నారు.

అది విని నా గుండె తేలికపడింది. క్షమించేశారు, పెద్ద మనసు అనుకున్నాను. ఆవిడ ఎదుటే కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను కూడా. అలా జోడించిన చేతులతో కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ల వెర్రిపిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. కళ్లు తెరిచి ఒక్కసారి ఆవిడ మొహం చూసి ఉండాల్సింది.