లెన్స్ బయటికొచ్చే కెమెరా

ఆదివారం అబిడ్స్‌లో ఏమైనా దొరుకుతుందంటే అది పాత పుస్తకమే. దుకాణాలన్నీ షట్టర్లు దించేసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పుస్తకాల గుట్టలు. ఆ గుట్టల మధ్య నేను కొత్త డిజిటల్ కెమెరా కోసం పిచ్చిదానిలా తిరుగుతున్నాను. పొద్దు వాలేలోగా దొరక్కపోతే మర్నాడు పొద్దున్నే జరగాల్సిన అమ్మ గుండె ఆపరేషన్ జరగదు.

కెమెరాకీ ఆపరేషన్‌కీ ఏం సంబంధమంటారా? మధ్యలో మా తమ్ముడున్నాడు. వాడికి ముప్పై దాటాయి, మనసు మాత్రం ఆరేళ్ల దగ్గరే ఆగిపోయింది. నాంపల్లిలో మా ఇంటి గుమ్మం వాడి రాజ్యం. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్లినా వాడు తన చిన్న కెమెరాతో ఫోటో తీయాల్సిందే. తిరిగొచ్చాక ఆ ఫోటో మనకు చూపించి, "వచ్చినవ్" అని చెరిపేస్తాడు. ఫోటో దిగి వెళ్లినవాళ్లు తప్పకుండా తిరిగొస్తారని వాడి లెక్క. నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో! బస్సు పోతోందిరా నాయనా అంటే వింటాడా?

నాన్నకు ఛాతీ నొప్పి వచ్చిన రోజు వాడి కెమెరాలో ఛార్జింగ్ లేదు. ఆ కంగారులో నేనే నా ఫోన్ వాడి చేతిలో పెట్టి, దీంతో తియ్యమన్నాను. తీశాడు. నాన్న తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఫోటోకి ఫోన్ ఎత్తితే చాలు, చెవులు మూసుకుని అరుస్తాడు.

శనివారం సాయంత్రం కెమెరా మెట్ల మీద పడింది. లెన్స్ సగం బయటికొచ్చి బిగుసుకుపోయింది. వాడు గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "అమ్మ పోవద్దు" అన్నాడు. అన్నం పెడితే తినలేదు, అమ్మ బతిమాలితే కదల్లేదు. కొత్త కెమెరా తెస్తానంటే నాకొక్కదానికి దారిచ్చాడు. మనిషి భారీ, మొండితనం అంతకన్నా భారీ. నలుగురం కలిసి లాగినా, ఆ కేకలు వింటూ ఆ గుండెతో అమ్మ మెట్లు దిగగలదా? నెలల తరబడి ఎదురుచూస్తే దొరికిన తారీఖు అది. తప్పిపోతే మళ్లీ ఎప్పుడో, అప్పటిదాకా అమ్మ ఉంటుందో లేదో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు.

తెరిచి ఉన్న ఒకటి రెండు దుకాణాల్లో కెమెరా అనగానే గోడకు బిగించే సీసీ కెమెరాలు చూపించారు. ఒకాయన నవ్వాడు. "ఫోన్ల కాలంల కెమెరా ఏందమ్మా? మంచి ఫోన్ చూపిస్త, జర కూసో."

కూర్చుంటే ఏడ్చేదాన్నే. కోఠి దాకా నడిచాను. అక్కడా అన్నీ మూసే ఉన్నాయి. తిరిగి నాంపల్లి స్టేషన్ వైపు వస్తుంటే ఒక సందులో సగం ఎత్తిన షట్టర్ కనబడింది. వంగి లోపలికి దూరాను. దుకాణం ముసలాయన ఒక్కడే దుమ్ము దులుపుకుంటున్నాడు.

"ఇయ్యాల బందమ్మా."

"చిన్న కెమెరా కావాలె. మీకు దండం పెడ్త."

నా ముఖంలో ఏం చూశాడో, అద్దాల బీరువాలోంచి రెండు పెట్టెలు తీశాడు. రెండూ కొత్తవే. జూమ్ అన్నాడు, పిక్సెళ్లన్నాడు, చీకట్ల గూడ మస్తుగ వస్తదన్నాడు.

"లెన్స్ బయటికొస్తదా? వచ్చేటప్పుడు చప్పుడైతదా?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, దుకాణంలో వాడే మెమరీ కార్డు వేసి ఒక్కొక్కటీ ఆన్ చేశాడు. మొదటిదాని లెన్స్ లోపలే ఉండిపోయింది. రెండోది జుయ్యిమంటూ బయటికొచ్చింది. అచ్చం మావాడి కెమెరా చప్పుడే. నన్నే ఫోటో తీసి చూపించాడు. జుట్టు రేగి, కళ్లు ఉబ్బి, దయ్యంలా ఉన్నాను. ఈ మధ్య నాకు అంత నచ్చిన ఫోటో లేదు. ఆయన తన కార్డు తీసేసుకున్నాడు. నేను కెమెరా పెట్టె పట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

నాకు బ్యాటరీ మీదే బెంగ. నాన్న అప్పటిలా కాకూడదని ఇంటికెళ్లగానే ఛార్జింగ్ పెట్టి, నిండిందో లేదో పదేపదే చూసుకున్నాను.

పొద్దున్నే ఆటో వచ్చింది. వాడు కొత్త కెమెరా ఆన్ చేశాడు. ఆ చప్పుడు వినగానే ముఖం విప్పారింది. "అమ్మా, నవ్వు" అన్నాడు. అమ్మ నవ్వింది. క్లిక్‌మంది. వాడి భుజం మీదుగా నేను తెర వంక చూశాను. అమ్మ ముఖం ఒక్క క్షణం కనబడి మాయమైంది. దాని చోట ఇంగ్లీషులో రెండు ముక్కలు, కార్డు లేదని. వాడికి చదవడం రాదు. సంతోషంగా లేచి దారిచ్చాడు.

చెప్తే మళ్లీ కూర్చుంటాడు. పాత కెమెరాకి కార్డే ఉండేది కాదు, అంత పొద్దున కొత్తది ఎవడమ్ముతాడు? నోరు మూసుకుని అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

దవాఖానలో స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే అమ్మ అడిగింది. "ఫోటో మంచిగొచ్చిందా?"

"మస్తుగొచ్చిందమ్మా."

తలుపులు మూసుకున్నాయి. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని నేను. ఇలాంటివాటిని నవ్వి కొట్టిపారేసేదాన్ని. ఆ తలుపుల బయట బెంచీ మీద మాత్రం నాకు భయమేసింది, చిన్నపిల్లలకు వేసినట్టు.

అంతలో ఫోన్ మోగింది. తమ్ముడి దగ్గర ఉండమని చెప్పి వచ్చిన పక్కింటి పెద్దమ్మ. "బిడ్డా, అమ్మ ఫోటో చూపియ్యమని ఒక్కటే లొల్లి. ఏది నొక్కినా ఏం కనబడ్తలేదు. ఫోటో ఉన్నదా అని అడుగుతున్నడు. ఏం చెప్పాలె?"

"ఉన్నదని చెప్పుండ్రి."

"ఉన్నదంట బిడ్డా" అని ఆమె వాడితో అనడం వినబడింది. ఆ వెనకే వాడి గొంతు, ఏ దిగులూ లేకుండా: "ఐతే వస్తది."

పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది. నేను లేచి వెళ్లి ఆ తలుపు ముందు నిలబడ్డాను. అమ్మ ఫోటో లేదన్న సంగతి లోకంలో నా ఒక్కదానికే తెలుసు.