డాక్టరు వేలు కొరికిన రోజు

నేను మనిషిని కొరికింది జీవితంలో ఒక్కసారే. కుక్కని కొరికిన సంగతి మాత్రం అబద్ధం. ఈ రెండూ కలిసిపోబట్టే గొడవంతా వచ్చింది.

అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు చిదిపి, నోట్లో వేసుకుని నాణ్యం చెప్పే పని నాది. దవడ పన్ను పుచ్చిపోతే ఆశ్చర్యమేముంది? సిమెంటు పెట్టించుకుందామని మా బావని వెంటేసుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేను.

లోపల ఒక ముసలమ్మకి పన్ను పీకుతున్నారు. ఆవిడ కేకలకి బయట జనం బిక్కచచ్చి కూర్చున్నారు. వాళ్ళకి కాస్త ధైర్యం చెబుదామని మొదలెట్టేను.

"పోయిన నెల తుమ్మపాల తోవలో నన్ను పిచ్చికుక్క కరిసి పీకేసింది. వదిలేత్తానా? దాని చెవి కొరికి రోడ్డు మీద ఊసేను."

"సూదులేయించుకున్నావా?" అన్నాడు పక్కాయన.

"ఆ కుక్కకి వేయించేను."

"నేను కళ్ళారా సూసేను," అని బావ సాక్ష్యం పలికేడు.

తలుపు తెరిచే ఉంది. డాక్టరు అంతా విన్నాడు.

నా వంతు వచ్చింది. ముసలమ్మ నెత్తురు ఆయన గ్లౌజుల మీద ఇంకా తడిగానే ఉంది. ఆ చేతుల్తోనే సొరుగు లాగేడు, ఫోనెత్తి మాట్లాడేడు, కళ్ళజోడు సర్దుకున్నాడు. "నోరు తెరవండి" అన్నాడు.

"గ్లౌజులు మార్చరేటండీ?"

"వట్టి చేతులు కాదు కదండీ, గ్లౌజులేగా!"

జవాబు చెప్పేలోపే రెండు వేళ్ళు నా నోట్లో దూరేయి.

డ్రిల్లు గిర్రుమంది. చెరుకు గానుగలో నా దవడ పెట్టి తిప్పుతున్నట్టుంది. నరం తగిలింది. కళ్ళలోంచి నిప్పులు రాలేయి. దవడ దానంతటదే టక్కున మూసుకుంది, మధ్యలో ఆయన వేలు. ముందు రబ్బరు తెగింది, తర్వాత చర్మం. నాలిక మీద ఉప్పగా తగిలిన నెత్తురు ఆయనదో, ముసలమ్మదో తెలీదు. ఆయన రెండో చేత్తో నా చెంప పగలగొట్టేడు. నేను తన్నేను. పళ్ళెంలో పనిముట్లన్నీ గదంతా ఎగిరేయి.

ఆయన కుళాయి కింద వేలు పెట్టి చూసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"పిచ్చికుక్క కరిచిందన్నారు. సూదులు వేయించుకోలేదన్నారు. ఇప్పుడు నా గతేంటి?"

"అబద్ధమండీ!"

"మా బావ పుట్టేక నిజం సెప్పలేదండీ," అన్నాడు బావ పరిగెత్తుకొచ్చి.

"మీరు కళ్ళారా చూశానన్నారుగా?"

బావ నా కుర్చీ వెనక్కి నక్కేడు. డాక్టరు వేలికి మళ్ళీ మళ్ళీ సబ్బు రుద్దుకుంటున్నాడు. ఆయన్ని చూస్తే మొదటిసారి నా అబద్ధం మీద నాకే కోపం వచ్చింది.

"పిచ్చెక్కినోడు నీళ్ళు తాగలేడు. తాగి సూపించు బావా," అంటూ బావ ఫ్రిజ్జులో నీళ్ళు గ్లాసు నిండా తెచ్చేడు.

గటగటా పోసుకున్నాను. ఆ చల్లదనం సగం తవ్విన పంటిలోకి మేకులా దిగింది. గావుకేక పెట్టి గ్లాసు గోడకేసి కొట్టేను. నోటమ్మట నెత్తుటి నురగ.

"నీళ్ళు సూసి జడిసిపోతన్నాడు! పట్టీండి!" అని అరిచింది మరెవరో కాదు, మా బావే. అందరూ నా మీద పడి పిడిగుద్దులు గుద్ది, వాడి తువ్వాలుతోనే నా చేతులు కట్టేసేరు.

పెద్దాసుపత్రిలో ఒకే బల్ల మీద, డాక్టరుకీ నాకూ కలిపి సూదులు వేసేరు.

పన్నుకి కన్నం అలాగే ఉంది కదా, వారం పోయేక మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళేను. చేతులు కడుక్కుని, డబ్బాలోంచి కొత్త జత తీసి, నా కళ్ళముందే తొడుక్కున్నాడు. దాని మీద ఇంకో జత. సిమెంటు పెడుతున్నంతసేపూ ఇద్దరం వణుకుతూనే ఉన్నాం.

బయట ఎవరికో బావ చెబుతున్నాడు: "ఏలు తెగి కింద పడిపోయిందండీ. నేను కళ్ళారా సూసేను."