ఉప్పు లేని కుండ

కారియకూ దీవిలో ఎవరింట పోయిన పెద్దలకు భోజనం పెట్టినా, ఉప్పు లేని అన్నం వండేది ఇడోరానే. మిగతా కుండల్లో ఎవరేం వేసుకున్నా ఆమెకు పట్టదు. పెద్దల కుండ దగ్గరికి మాత్రం ఈగను కూడా రానివ్వదు. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి పడేసిన ముత్తవ్వల నాటి పద్ధతి అది. మెత్తగా వండిన అన్నాన్ని సొరబుర్రలో దొర్లించి ఉండలు చేయాలి. పోయినవాళ్ళకు పెట్టేదాకా ఉన్నవాళ్ళు మెతుకు ముట్టకూడదు.

ఈసారి భోజనం సొంత ఇంట్లోనే. పోయినేడు కన్నుమూసిన తల్లి కలలోకి వచ్చి, "ఆకలేస్తోందే" అంది. కడుపు నిండితే గానీ ఆవిడ సముద్రం దాటి ఆఫ్రికాలోని తనవాళ్ళను చేరుకోలేదు. ఇడోరాకు వారం రోజులుగా అదే దిగులు.

అన్నం ఉడికింది. ఉండ చేయబోతే, పొద్దున కొబ్బరికాయ కొడుతూ కోసుకున్న వేలు చురుక్కుమంది. వేడికి అలవాటైన చేతులవి. ఇది వేడి కాదు.

"ఎవర్రా ఈ కుండలో ఉప్పేసింది?"

ఆ అరుపుకు పెరట్లో డప్పులు ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా మాకు తెలియదంటే మాకు తెలియదన్నారు. ఆమె తమ్ముడు అల్బాన్ ఒక్కడే తలెత్తలేదు. చేపల పడవ నడిపే యాభై ఏళ్ళ మనిషి.

"నువ్వా! సిగ్గులేదట్రా? అమ్మ నోరు తెరిచి అడిగిన కూడు పాడుచేస్తావా? చప్పిడన్నం పెట్టడానికి నామోషీ అయిందా?"

"అది కాదక్కా..."

"మరేంటి? ఉప్పు తిన్నవాళ్ళు సముద్రం దాటలేరని తెలీదూ?"

"తెలుసు గనకే వేశా. పడవ తిప్పుకొచ్చేసరికి అమ్మ ఇంకా ఒడ్డున నిలబడే ఉందనిపిస్తుందక్కా. ఆవిడా వెళ్ళిపోతే నాకెవరున్నారు?"

ఇడోరాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ వీడికి వండి వండి నడుం విరగ్గొట్టుకున్న మనిషి! పోయాక కూడా వీడికోసం ఒడ్డున కాపలా కాయాలా? ఎంత అన్యాయం!

"ఇంకెన్నాళ్ళురా నీకోసం నిలబడాలి? ఆవిడ కాళ్ళు కాళ్ళు కావూ?"

మళ్ళీ బియ్యం కడిగి, వేరే కుండ పొయ్యి మీదికెక్కించింది. ఉప్పు డబ్బా తన గౌను జేబులో వేసుకుంది. ఈసారి వేలు మండలేదు. ఉండలన్నీ తల్లి కోసం లోపలి గదిలో వేసిన బల్ల మీద పెట్టి, ఆవిడ తినేందుకు తలుపు మూసింది. తర్వాత ఉప్పేసిన కుండ తెచ్చి తమ్ముడి ముందు దబ్బున పెట్టింది.

"తిను. ఉప్పు తిని ఇక్కడ పడుండాల్సింది మనం. ఆవిడ కాదు."

అల్బాన్ తలొంచుకుని తిన్నాడు. ఇడోరా పక్కనే కూలబడి, కోసుకున్న చేత్తోనే అదే కుండలోంచి ముద్ద తీసుకుంది.