లిస్టులో చిన్నల్లుడి పేరు

ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మెకానిక్‌కి లొంగని మిషనంటూ లేదు. లొంగనిది తోడల్లుడొక్కడే. పోనీ ఆ మనిషి ఏమైనా అంటాడా అంటే, అదీ లేదు. నవ్వుతూ వస్తాడు, "అన్నయ్యా" అంటాడు, పది నిమిషాల్లో పని కానిచ్చి పేరు కొట్టేసి పోతాడు. ఒళ్ళు మండదా మరి?

అత్తగారి క్యాసెట్ల సంగతే చూడండి. ఆవిడ ముప్ఫయ్యేళ్ళు బడిలో ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పిన టీచరమ్మ. ఆవిడ జట్టు ఆడిన ఆటలన్నీ నలభై ఒక్క వీడియో క్యాసెట్లలో బూజుపట్టి పడి ఉంటే, సంచిలో వేసుకుని మోసుకొచ్చింది పెద్దల్లుడు, అంటే మన మెకానిక్కే. పాత ప్లేయరు కొని, దాని బెల్టు మార్చి, మిషన్లు తుడిచే బ్రష్షుతో ఒక్కో రీలూ తుడిచి, ఏడు నెలలు కూర్చుని అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ కంప్యూటర్ పెట్టెని చెప్పుల స్టాండు మీద పెట్టి, ఇంట్లో ఏ గదిలోనైనా ఆ ఆటలు కనబడేట్టు చేశాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక, మెట్లెక్కే పని లేదని చిన్నకూతురింటికి చేరారు. ఆటలు ఇక్కడ, ఆవిడ అక్కడ.

వాటిని అక్కడికి పంపాలని మెకానిక్ వారం రోజులు ఇంటర్నెట్ రౌటరుతో కుస్తీ పట్టాడు. బయటివాళ్ళు లోపలికి రావాలంటే దాంట్లో పోర్టనే దారి తెరవాలన్నారు, తెరిచాడు. ఏదీ లోపలికి రాలేదు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ వీధి మొత్తానికీ బయటికి ఒకటే అడ్రసండీ, బయటినుంచి వచ్చేదాన్ని మీ ఒక్క ఇంటికే పంపడం కుదరదు" అన్నారు. ఆ ముక్కేదో మొదటి రోజే చెప్పి చావొచ్చుగా.

అప్పుడు దిగాడు చిన్నల్లుడు. "లోపలికి రానివ్వకపోతే పోనీ అన్నయ్యా. మన పెట్టె చేతే బయటికి ఫోన్ చేయిద్దాం" అన్నాడు. ఇక్కడ పెట్టెలో ఒక చిన్న యాప్ వేశాడు, వాళ్ళింట్లో అత్తగారి మంచం పక్కనుండే ట్యాబ్లెట్‌లో అదే యాప్ వేశాడు. ఇటునుంచి ఇదీ అటునుంచి అదీ బయటికెళ్ళి ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. పోర్టూ లేదు, గీర్టూ లేదు. ఇచ్చిన టీ చల్లారనే లేదు.

"మా మరిది బుర్రే బుర్ర" అంది మెకానిక్ భార్య.

ఏడు నెలలు రీళ్ళు తుడిచినవాడికి బుర్ర లేదన్నమాట. మెకానిక్ చిన్నల్లుడికి పెట్టెలో ఒక ఖాతా ఇచ్చాడు. అత్తగారి పేరున ఇంకోటి తెరిచి, పద్నాలుగక్షరాల పాస్‌వర్డు పెట్టి, చీటీ మీద అందంగా రాసిచ్చాడు.

పెట్టెలో ఎవరేం చూస్తున్నారో లిస్టు వస్తుంది. ఆ లిస్టు చూడటం మెకానిక్‌కి రోగమైపోయింది. షాపులో మిషను విప్పి పెట్టి, సాయంత్రం నాలుగింటికల్లా ఫోన్ తీసేవాడు. 'అత్తయ్య' ఒక్క రోజూ తెరవలేదు. 'చిన్నల్లుడు' మాత్రం రోజూ నాలుగింటికి ఠంచనుగా తయారు, అదీ ప్రతిసారీ అదే ఫైనల్ ఆట. ఏ ట్యాబ్లెట్‌లో చూస్తున్నారో పక్కనే రాసి ఉంది. కుళ్ళుకునేవాడి కంటికి పేరు తప్ప ఇంకేం ఆనుతుంది?

'ముసలావిడకి చూపించకుండా తనే కూర్చుని చూస్తున్నాడు. కష్టం నాది, కాలక్షేపం వీడిది' అనుకున్నాడు. గురువారం నాడు చిన్నల్లుడి ఖాతా ఆపేశాడు. ఆ పూట మిషనుకి నూనె వేస్తూ ఈల కూడా వేశాడు.

ఆదివారం పొద్దున్న అత్తగారి ఫోన్. భార్య స్పీకర్ నొక్కి అందరికీ వినబడేట్టు పెట్టింది.

"పెట్టె బాగైందా బాబూ? పాపం చాలా వేడెక్కిందటగా. అన్నయ్య బాగుచేస్తున్నాడు, తొందరపెట్టొద్దని చిన్నబ్బాయి చెప్పాడులే. కానీ ఆట లేకపోతే నా కాలు కదలట్లేదయ్యా. మన పిల్లలు ఒక సెట్టు ఆడేలోపు నేను వాకర్‌తో నలభై అడుగులు వేస్తాను. మూడు రోజులై మంచం దిగలేదు."

"మీ ఖాతా తెరవనే లేదు కదా అత్తయ్యా?" అన్నాడు మెకానిక్.

"ఆ పద్నాలుగక్షరాలు కొట్టడం నా వల్ల అవుతుందా? తన పేరు మీదే పెట్టిచ్చాడు చిన్నబ్బాయి."

అవతల ట్యాబ్లెట్ మీద 'ఈ ఖాతాను యజమాని నిలిపివేశారు' అని స్పష్టంగానే వచ్చి ఉంటుంది. ఆ ముక్క చదివింది చిన్నల్లుడే. చదివి, పెట్టె వేడెక్కిందని చెప్పాడు. మెకానిక్ చెవులు వేడెక్కాయి. చెప్పుల స్టాండు దాకా కూడా పోకుండా, ఉన్నచోటే ఫోన్లో ఒక్క నొక్కు నొక్కాడు.

"ఇప్పుడు చూడండి అత్తయ్యా."

అవతల ఈల వినబడింది, పిల్లల కేకలు వినబడ్డాయి, వాకర్ నేలకి తగిలిన చప్పుడు వినబడింది. "వచ్చింది వచ్చింది. నీ చేతిలో ఏదో మహత్తుందయ్యా" అన్నారు అత్తగారు.

రీళ్ళు తుడిచిన నాటినుంచీ ఆ ఒక్క మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. తీరా అది వచ్చేసరికి, ఇప్పించింది తోడల్లుడు.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. "బాగైందా అన్నయ్యా?"

"అయింది" అని మాత్రం రాశాడు మెకానిక్. ఇన్నాళ్ళూ వాడి తెలివి చూసి ఏడ్చాడు. తెలివైతే ఎవరినో ఒకరిని అడిగి నేర్చుకోవచ్చు. ఈ మంచితనం ఎవర్ని అడిగి నేర్చుకోవాలో తెలియక, కడుపుమంట మునుపటికన్నా ఎక్కువై, రౌటరు కేసి చూస్తూ కూర్చుండిపోయాడు.