సీసం లేని బుల్లెట్

కాలిఫోర్నియా శాన్ రామన్‌లో ఆంజనేయప్రసాద్ గ్యారేజీలోకి తొంగిచూసినవాళ్ళు ముందు అదేదో కంసాలి కొట్టు అనుకుంటారు. ఒక బల్ల, బల్ల మీద చిన్న త్రాసు, ఇత్తడి గుల్లల డబ్బాలు, లీవరు లాగితే కిందికి దిగే ఒక ఇనప ప్రెస్సు. కారు మాత్రం పాపం ఎండలోనే ఉంటుంది. పేల్చేసిన తూటాల గుల్లల్ని శుభ్రం చేసి, మందు తూచి పోసి, మూతి దగ్గర కొత్త బుల్లెట్ కూర్చి, మళ్ళీ తూటాలు తయారు చేసుకోవడం ఆయన వ్యాపకం. ఏళ్ళ తరబడి చిప్ కంపెనీలో టెస్ట్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. కొన్న తూటా ఆయనకు నచ్చదు. కొన్న ఇడ్లీ పిండి కూడా నచ్చదు, అది వేరే సంగతి.

భార్య గిరిజ పోయి మూడేళ్ళు దాటింది. కూతురు మేధ దేశానికి అవతలి కొసన అల్ఫారెట్టాలో ఉంటుంది. వారానికోసారి ఫోన్ చేసి, "నాన్నా, తిన్నావా? ఆ గన్ స్టఫ్‌తో కేర్‌ఫుల్‌గా ఉండు, ఓకే?" అంటుంది. ఆయన రెండింటికీ కలిపి ఒకే "ఆఁ" అంటాడు.

ఇంతకీ ఆ తూటాలన్నీ ఉడతల కోసం. మన వైపు గోడల మీద పరుగులు తీసే గీతల ఉడతలు కావివి. నేలలో బొరియలు తవ్వి కాపురాలు పెట్టే బలిసిన రకం. పాటర్సన్ దగ్గర ఉమాకాంత్ అనే కరీంనగర్ అబ్బాయికి బాదం తోట ఉంది. చెట్ల వేళ్ళ కింద నేలంతా గుల్ల చేసి, డ్రిప్ పైపులు కొరికి, కాయ పగలగానే పంట మీద పడి అవి అతన్ని ఏడిపించేవి. ఒక పెళ్ళిలో అతను ఆ గోడు వెళ్ళబోసుకుంటుంటే ప్రసాద్ విని, "నా దగ్గర చిన్న రైఫిల్ ఉంది తమ్ముడూ, వస్తాను" అన్నాడు. అలా మొదలైంది.

ప్రతి ఆదివారం పొద్దున్నే బయల్దేరి, ఆల్టమాంట్ కనుమలో గాలిమరల పక్కనుంచి దిగి, తోట చేరేవాడు. ఎండ ముదిరేదాకా ఉడతల పని. అది అయ్యేసరికి ఉమాకాంత్ భార్య నీహారిక షెడ్డు పక్క కొళాయి దగ్గర వేణ్ణీళ్ళ బకెట్టు, తువ్వాలు పెట్టి ఉంచేది. ప్రాణం తీసిన చేతులతో స్నానం చేయకుండా వంటింటి గడప తొక్కకూడదని ఆమె పట్టింపు. ఆయనకూ అది సబబుగానే తోచేది. తల తుడుచుకుంటూ లోపలికి వస్తే టేబుల్ మీద కంచం సిద్ధంగా ఉండేది. వద్దన్నకొద్దీ కొసరి కొసరి వడ్డించేది ఆ తల్లి.

నిజం చెప్పాలంటే ఉడతల మీద ప్రసాద్‌కు ఏ కక్షా లేదు. ఒక్కోసారి తిరుగు దారిలో వాటిని తలుచుకుని మనసు చివుక్కుమనేది కూడా. ఆయన వెళ్ళేది ఆ కంచం కోసం. వారం మొత్తంలో ఇంకొకరు వడ్డించగా తినే అన్నం అదొక్కటే. ఈ మాట ఎవరితోనూ అనలేదు. పని చేసి తింటే మర్యాద, ఊరికే వెళ్ళి తింటే పిలవని పేరంటం. అదీ ఆయన లెక్క.

2019 వేసవిలో చట్టం మారింది. కాలిఫోర్నియాలో ఏ జంతువు మీదా సీసం బుల్లెట్ వాడకూడదు. చచ్చిన ఉడతను తిన్న గద్దలకూ రాబందులకూ ఆ సీసం ఎక్కుతోందట.

"అన్నా, జూలై నుంచి లెడ్ బంద్ అంట గద. ఎవడన్న చూస్తే ఫైన్ పడ్తది. ఆ లెడ్-ఫ్రీయేదో చూడుండ్రి జర" అన్నాడు ఉమాకాంత్.

"అదెంత పని తమ్ముడూ, వచ్చే వారానికి తయారు చేసేస్తాను" అన్నాడు ప్రసాద్.

ఇన్నాళ్ళూ వాడింది యాభై గ్రెయిన్ల, అంటే మూడు గ్రాముల పైచిలుకు, సీసం బుల్లెట్. కాబట్టి యాభై గ్రెయిన్ల రాగి బుల్లెట్ తెప్పించాడు. బరువు మారకపోతే ఏదీ మారదని ధీమా. కొండల్లో ఉన్న షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి కాగితం మీద గురి చూసి పేల్చాడు. పడిన కన్నాలు గుండ్రంగా లేవు. బుల్లెట్ అడ్డం తిరిగి తగిలినట్టు పొడుగ్గా చీరుకుపోయాయి. అవీ ఒకటి ఈ మూలన, ఒకటి ఆ మూలన. కొన్ని బుల్లెట్లయితే కాగితానికే తగల్లేదు. చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాడు. చూపు తగ్గిందేమో అనుకున్నాడు. ముసలితనం ఇలాగే వస్తుందేమోనని ఇంటికొచ్చేదాకా బెంగపడ్డాడు.

ఆ శనివారం ఉమాకాంత్‌కి ఫోన్ చేసి, "రేపు కాస్త పనుంది తమ్ముడూ" అన్నాడు. బుల్లెట్ కుదరలేదని చెప్పడానికి నామోషీ. ఆ పై వారం మోకాలు పట్టేసిందన్నాడు. ఇంకో వారం ఇంటికి ఎవరో వస్తున్నారన్నాడు. ఎవరూ రాలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్‌లోని పెరుగన్నం గ్యారేజీలో నిలబడే తిన్నాడు.

అలా తింటూనే పాత బుల్లెట్‌నీ కొత్త బుల్లెట్‌నీ పక్కపక్కన నిలబెట్టి చూశాడు. కొత్తది ఒక వీసం పొడుగు. మరి రాగి సీసమంత బరువైంది కాదు, అదే బరువు తూగాలంటే పొడుగు పెరగాల్సిందే. పొడుగు బుల్లెట్ నిలకడగా పోవాలంటే తుపాకీ గొట్టం లోపల గాడుల్లా చెక్కిన మెలికలు దాన్ని గట్టిగా తిప్పాలి. ఈ పాత రైఫిల్ మెలికలు పొట్టి సీసం బుల్లెట్ కోసం చెక్కినవి, అంత తిప్పలేవు. తిరుగుడు చాలని బొంగరంలా బుల్లెట్ దారిలోనే తూలిపోతోంది. తప్పు చేతిలోనూ లేదు, కంట్లోనూ లేదు. ప్రసాద్ నుదురు కొట్టుకుని, చాన్నాళ్ళ తర్వాత పైకే నవ్వాడు.

ఇక బరువు సంగతి వదిలేసి పొడుగు చూసి వెతికాడు. ముప్పయ్యారు గ్రెయిన్ల పొట్టివి రెండు రకాలు దొరికాయి. ఒకటి గట్టి రాగి. రెండోది లోపల రాగి, తగరం పొడి కూరినది. తగిలిన చోటే పొడిపొడి అయిపోతుంది, రాయి మీద పడి ఎగిరి ఇంకో వైపు పోయే భయం తక్కువ. తోటలో పైపులున్నాయి, పక్కనే ఇల్లుంది. తేలిక బుల్లెట్‌ని గాలి నెడుతుందన్న మాట నిజమే కానీ చెట్ల వరసల మధ్య దూరం ఎంతని? రెండోదే ఖాయం చేశాడు. రేంజ్‌లో మూడు పేల్చితే మూడు కన్నాలూ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. చిన్నపిల్లాడిలా పొంగిపోయి పక్కకు తిరిగాడు. పక్క బల్ల దగ్గర ఎవరూ లేరు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం ఫోన్ కూడా చేయకుండా బయల్దేరాడు. కడుపులో చోటు ఉంచుకోవాలని కాఫీతో సరిపెట్టుకున్నాడు. తోట గేటు దగ్గర ఎవరిదో తెల్ల పికప్ ఆగి ఉంది. చెట్ల మొదళ్ళ దగ్గర వరసగా నల్ల పెట్టెలు కనిపించాయి.

"అరె, అన్నా! రాండ్రి, రాండ్రి" అని ఉమాకాంత్ ఎదురొచ్చాడు. "మీరు మూడు వారాలు రాలే. నీహా ఒకటే పోరు, పాపం పెద్దాయన, గింత ఎండల అంత దూరం డ్రైవ్ చేసుకుంట వస్తున్నడు, కాదనలేక వస్తున్నడేమో అని. అందుకే పెస్ట్ కంట్రోల్ వాళ్ళకిచ్చేసిన. ఆ మందు పెట్టెలు వాళ్ళయే. ఇయర్లీ కాంట్రాక్ట్. ఇగ మీకు తిప్పల్లేవు."

ఎంత ప్రేమగా చెప్పాడో! ఆ పెద్దమనిషి ప్రసాద్ అప్పుడైనా నోరు తెరిచి, నేనొచ్చేది ఉడతల కోసం కాదురా అని అంటే ఏం పోయింది? ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. మొహమాటం దాన్ని అక్కడే నొక్కేసింది.

"మంచి పని చేశావు తమ్ముడూ. నాకూ ఈ మోకాలితో కష్టంగానే ఉంది" అన్నాడు.

కొత్త బుల్లెట్ సంగతి ఎత్తలేదు. రైఫిల్ డిక్కీలోంచి బయటికి తీయనే లేదు.

నీహారిక చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "అన్నయ్యగారూ, ఎన్నాళ్ళయిందండీ! లోపలికి రండి, భోంచేసి వెళ్దురు గాని. ముద్దపప్పు చేశాను."

ఇవాళ ఆయన చేసిన పనేమీ లేదు. ఏ పనీ చేయకుండా ఆ కంచం ముందు ఎలా కూర్చోవాలో ఆయనకు తెలియలేదు. ఏడుపొచ్చింది. దాన్ని దగ్గులో కలిపేసుకున్నాడు.

"తినే బయల్దేరానమ్మా. ఇంకోసారి వచ్చినప్పుడు తింటాను" అన్నాడు.

"తప్పకుండా రావాలి" అంది నీహారిక. "అవునన్నా, తప్పకుండా" అన్నాడు ఉమాకాంత్. ఆ ఇంకోసారి ఎప్పుడని ముగ్గురిలో ఎవరూ అడగలేదు.