మసి డబ్బా మీద కొత్త అతుకు

మా బాబాయిని షెడ్డులో డ్రైవర్లు దుర్వాసుడు అనేవాళ్లు, ఎదురుగా కాదు. ఎదురుగా అంటే ఆయన చేతిలోని స్పానర్ ఎక్కడికి ఎగురుతుందో చెప్పలేం. పార్సిళ్లు చేరవేసే కంపెనీలో వ్యాన్లు బాగుచేయడం ఆయన పని. వ్యాన్లతో కన్నా వాటిని నడిపేవాళ్లతోనే ఆయనకు ఎక్కువ తగాదా.

తగాదా అంతా ఒక డబ్బా గురించి. ఈ డీజిల్ బండ్లకు పొగ గొట్టం దారిలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. బాబాయి దాన్ని మసి డబ్బా అనేవాడు. అది నిండుతుంటే డ్రైవర్ ముందు పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు బండిని పెద్ద రోడ్డెక్కించి కాసేపు ఆపకుండా పరుగెత్తిస్తే, ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది. వీళ్లేమో గేటు గేటుకీ ఆపేవాళ్లాయె. పైగా మసి కాలే వాసన రాగానే బండి అంటుకుందని హడలిపోయి ఇంజన్ కట్టేసి దిగేవాళ్లు. ఆ తర్వాత షెడ్డుకొచ్చి, మిషన్ పెట్టి లైటు తీసెయ్యమనేవాళ్లు.

"మీ ఇంట్లో చంటిపిల్ల ఏడిస్తే పాలిస్తారా, నోరు కుట్టేస్తారా?" అని బాబాయి విరుచుకుపడేవాడు. మసి కాల్చకుండా, కాలకపోతే డబ్బా విప్పి కడగకుండా, ఆయన ఏనాడూ లైటు తీయలేదు. రోజూ బండ్లు బయల్దేరే ముందు వేలికి తెల్లగుడ్డ చుట్టి గొట్టం లోపల తుడిచి చూసేవాడు. ఫిల్టర్ బాగుంటే గుడ్డ తెల్లగానే వస్తుంది. "నాలుక చాపమ్మా, డాక్టరుగారొచ్చారు" అని వెనక నుంచి ఇకిలింపులు వినబడేవి.

అందరికన్నా గట్టిగా ఇకిలించేవాడు పిన్ని తమ్ముడు. మూడో నంబరు వ్యాను అతనిది. బాబాయికి ఈ ఉద్యోగం ఇప్పించిందీ అతనే. నోటి దురుసుతో ఆయన అప్పటికే రెండు షెడ్లలో పని పోగొట్టుకుని ఉన్నాడు. "ఇదీ పోతే నేను మా తమ్ముడికి ముఖం చూపించలేను. మీరు నాకు ముఖం చూపించక్కర్లేదు" అని పిన్ని ముందే చెప్పేసింది. ఆ మాట మోసుకుంటూ ఆయన పనికి వెళ్లేవాడు. బావమరిది దాన్ని రోజూ గుర్తుచేసేవాడు.

వర్షాలు మొదలయ్యాక ఆ మూడో నంబరు బండికి లైటు రావడం మానేసింది. బావమరిది తిరిగే వీధులు మారలేదు, ఆపే గేట్లూ మారలేదు. బాబాయి వేలు పెట్టి చూస్తే గుడ్డ కాటుకలా వచ్చింది. బండి కిందకి దూరాడు. డబ్బా మీద కొత్తగా వెల్డింగ్ చేసిన అతుకు కనబడింది. స్పానర్‌తో తడితే ఖాళీ డ్రమ్ములా మోగింది. ఎవడో దాన్ని కోసి, లోపలి జల్లెడంతా పొడిచి తీసేసి, మళ్లీ అతికేశాడు. లైటు వెలగకుండా బండి కంప్యూటర్‌కి అబద్ధం నేర్పాడు.

ఆయన బయటికి పాకి వచ్చేసరికి బావమరిది తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"దీని పేగులు తీయించేశావు."

"బండి హాయిగా ఉంది బావా. నీకే అరగట్లేదు."

"ఓనరుకి చెప్తాను."

"చెప్పు. నిన్ను ఇక్కడ పెట్టిందెవరో కూడా చెప్పు, మర్చిపోయుంటాడు."

చేతులైనా కడుక్కోకుండా బాబాయి ఆఫీసు గదిలోకి వెళ్లాడు. ఓనరు ఫోన్లోంచి తలెత్తకుండానే విన్నాడు. ఆ పని తను చేయించమంటేనే బావమరిది చేయించాడన్నాడు. ముందు ఒక్క బండికి చేసి చూద్దామనుకున్నాడట. చూశాడు, బాగుంది. కోసేదీ అతికేదీ మన షెడ్డులోనే ఉండగా మిగిలినవి బయటికి పంపడం దేనికన్నాడు. బాబాయి పొగ తనిఖీ మాట ఎత్తితే, అది తను చూసుకుంటానన్నాడు.

"రేపు మొదలుపెట్టు. ఇష్టం లేదంటావా, మీ బావమరిది ఇంకో మనిషిని తెస్తానన్నాడు."

అక్కడ నిలబడి బాబాయి ఏమాలోచించాడో ఎవరికీ చెప్పలేదు. తలుపు మాత్రం మెల్లగా వేసి వచ్చాడట. రచ్చ చూద్దామని చేరిన డ్రైవర్ల ముఖాలు వేలాడిపోయాయి.

మర్నాడు ఒకటో నంబరు బండిని పైకి లేపాడు. డబ్బా కోశాడు. తన చేతుల్తో కడిగి, ఊది, కాపాడుకొచ్చిన జల్లెడను ఇనప కడ్డీతో పొడిచి తొట్టిలోకి దులిపాడు. అతుకు మాత్రం నున్నగా వేశాడు. తర్వాత రెండోది, నాలుగోది.

లైట్లన్నీ ఆరిపోయాయి. డ్రైవర్లు ఇప్పుడు ఆయన భుజం మీద చెయ్యేసి టీకి రమ్మంటున్నారు. ఆయన వెళ్లడు, తిట్టడు కూడా. బండ్లు నల్లగా కక్కుకుంటూ బయటికి పోతుంటే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని గోడవైపు తిరుగుతాడు.

పిన్నికి మాత్రం సంబరం. ఇన్నాళ్లకు మనిషి దారికొచ్చాడు, అంతా మా తమ్ముడి చలవే అని చుట్టాలకు చెప్పుకుంటోంది. ఆ తమ్ముడు ఒక ఆదివారం భోజనానికి వచ్చి, బాబాయి పక్కనే కూర్చుని, "తిట్లు లేకపోతే ఎంత హాయిగా ఉందో చూడు బావా" అన్నాడు.

బాబాయి కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు.

"వీడితో కలిపి నాకు అన్నం పెట్టకు" అన్నాడు పిన్నితో.

అప్పట్నుంచి తమ్ముడొచ్చే ఆదివారాలు పిన్ని రెండుసార్లు వడ్డిస్తుంది.